వార్చిన గంజి

నాగాయలంక రేవు వీధిలో నాగబాబు అన్నం మానేసిన సంగతి తెలియనివాళ్ళు లేరు. కంచంలో అన్నం గుట్టగా పోసుకుని, నడుమ గుంట చేసి చేపల పులుసు నింపుకుని తినే మనిషి. మడమలో ఆల్చిప్ప దిగిన పుండు ఎంతకీ మానక బందరు డాక్టరు దగ్గరికి వెళితే షుగరని తేలింది. ఆ రోజు నుంచీ గుప్పెడు మెతుకులతో సరిపెట్టుకుంటున్నాడు. వీధిలో ఆడవాళ్ళు అతన్ని చూపించి తమ మొగుళ్ళకి బుద్ధులు చెబుతున్నారు. ఏం నిగ్రహం, ఏం కట్టుబాటు అంటున్నారు. ఆ మాట వినీ వినీ, తనలో నిజంగానే ఏదో మహత్తు ఉందని నాగబాబు కూడా నమ్మడం మొదలుపెట్టాడు.

ఆ మహత్తుని పొద్దున్నే లేచి తరిగేది, తురిమేది, ఉడకేసేది అతని పెళ్ళాం ఉమాదేవి. ఆ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

కోడి కూయకముందే ఆమె రెండు పొయ్యిలూ వెలిగిస్తుంది. ఒకదాని మీద అన్నానికి ఎసరు, రెండోదాని మీద మొగుడి వంట. కుక్కరు అటకెక్కింది. కుక్కరులో వండితే గంజి మెతుకుల్లోనే ఉండిపోతుందనీ, ఊరందరికీ షుగర్లు రావడానికి కారణం అదేననీ అత్తగారు వీరమ్మ తేల్చేసింది. వీరమ్మ ఉమాదేవికి మేనత్త కూడాను, అందుచేత ఆవిడ తేల్చినవాటికి రెండు వైపుల నుంచీ బలముంది. ఆ దెబ్బతో పాత సత్తు తపేలా, సిబ్బి కిందికి దిగాయి. మెతుకు ఉడికిందనిపించగానే సిబ్బి మూసి, పాత గుడ్డలతో అంచులు పట్టుకుని, ఉమాదేవి తపేలాని గిన్నె మీదికి వాలుస్తుంది. తెల్లటి గంజి చిక్కగా ధారకడుతుంది. ఆఖరి చుక్క దిగేదాకా తపేలాని అలాగే బోర్లా నిలబెట్టి, ఆలోగా మొగుడి వంటకి బొప్పాయి తురిమే పని చూస్తుంది.

గుడివాడలో ఉన్న చెల్లెలు రేవతి ఫోనులో వంటల వీడియోలు పంపిస్తుంటుంది. కాలీఫ్లవరు అన్నం, బాదంపిండి రొట్టె, పేరు కూడా నోరు తిరగని ఆకుకూరలు. నాగాయలంకలో బాదంపిండి ఎవడమ్ముతాడే తల్లీ అని ఉమాదేవి నవ్వింది గానీ, అంతటితో ఊరుకోలేదు. పెరట్లో విరగకాసిన పచ్చి బొప్పాయి చెక్కు తీసి, తురిమి, ఉప్పేసి గట్టిగా పిండి, గుడ్డలో మూటకట్టి ఆవిరి పట్టి చూసింది. పళ్ళెంలో ఆరబెడితే పొడిపొడిగా వచ్చింది. ఆవాలు, కరివేపాకు తాలింపు వేస్తే ఇంకా బాగుంది. చేప వేపుడులో కరకరకి వేసే బియ్యప్పిండి మానేసి నువ్వులపొడి అద్దింది. పొట్లకాయలో గుడ్డు కొట్టింది, అరటిపువ్వులో రొయ్యలు వేసింది, చుక్కకూరని చేపలతో కలిపింది. మొదట్లో నాగబాబు గడ్డి అన్నాడు. తర్వాత ఏమీ అనడం మానేసి తినడం నేర్చుకున్నాడు. పుండు అంచుల నుంచి పూడుకుంటూ వస్తోంది.

వార్చిన గంజి పారబొయ్యడానికి మాత్రం ఉమాదేవికి చెయ్యి రాదు. చెంబులో పోసుకుని, ఉప్పుగల్లు వేసి, ఉంటే కాస్త మజ్జిగ కలిపి, అమ్మకానికి చేపలు తెచ్చుకోవడానికి రేవుకి వెళ్ళేముందు గటగటా తాగేస్తుంది. ఈ మధ్య ఒంట్లో సత్తువ ఉండటం లేదు. గంప ఎత్తితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, దాహం తీరడం లేదు, రవికలు వదులయ్యాయి. తిరుగుడెక్కువై చిక్కిపోయావంది వీరమ్మ. గంజి తాగవే, బలమంది. దాంతో చెంబు కాస్తా పెద్ద చెంబయింది. మధ్యాహ్నం మొగుడు తిన్నాక మిగిలే అన్నం ఎలాగూ ఆమె వంతే. తపేలా కూడా చిన్నది చేయలేదు. ఎప్పుడూ వండే కొలతే వండుతోంది, అతను మానేసిన అన్నం ఎవరో ఒకరు తినాలి కదా.

మంగళవారం సాయంత్రం ఆశా కార్యకర్త సరళ మిషను పట్టుకుని వచ్చింది. నాగబాబు అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్నాడు. కాలు బాగయ్యేదాకా పడవ ఎక్కవద్దన్నారు కాబట్టి, చిరిగిన వలకళ్ళు అల్లుతూ వచ్చేపోయేవాళ్ళకి తన పథ్యం కథ చెబుతున్నాడు. సరళ వేలు గుచ్చి, నెత్తుటి చుక్క పట్టీకి అంటించి, అంకె చూసి కళ్ళు పెద్దవి చేసింది. దాదాపు మామూలు మనిషికి వచ్చినంత వచ్చిందని చెప్పింది. వీరమ్మ చీర కొంగుతో కొడుకు మొహం తుడిచింది. పక్కింటి గంగన్న వచ్చి భుజం తట్టి, నీలాంటివాడు వీధికొకడుంటే చాలు అని వెళ్ళాడు. ఉమాదేవి లోపలి నుంచి నీళ్ళు తాగుతూనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా, చెంబు దించట్లేదు నువ్వు. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి" అంది సరళ.

"దానికెందుకు, పట్టీ దండగ" అన్నాడు నాగబాబు. అందులో ఎకసెక్కెం లేదు, నిజంగానే అలా అనుకున్నాడు.

సరళ అప్పటికే వేలు పట్టుకుంది. అంకె చూసి మొహం చిట్లించింది. మళ్ళీ చూసింది. మూడువందలు దాటి చూపించింది మిషను. సరళ దాన్ని అరచేతిలో తట్టి, ఉమాదేవి వేళ్ళకేసి చూసింది. అప్పుడే ఇడ్లీ పిండి రుబ్బిన చెయ్యి, కడుక్కున్నా గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. పిండి చెయ్యి కదా, మిషను తప్పు చూపించిందన్నాడు నాగబాబు. పొద్దస్తమానం గంప నెత్తిన పెట్టుకుని తిరిగేదానికి ఎందుకొస్తుందంది వీరమ్మ. సరళ దగ్గర ఇంకో పట్టీ లేదు. రేపు పరగడుపున ఆసుపత్రికి రమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

ఉమాదేవి చెయ్యి మళ్ళీ కడుక్కుంది. సబ్బేసి కడుక్కుంది. గోళ్ళ సందులు పుల్లతో గీకింది. అంత శుభ్రమైన చెయ్యిని అప్పుడు ఎవరు గుచ్చుతారు? ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ, పిండి ఆ వేలికే అంటిందా, వేరే వేలికా అని జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించింది.

మర్నాడు వెళ్ళలేదు. రేవులో చేపల వేలం పాట ఆలస్యమైంది, వచ్చేసరికి నాగబాబు ఆకలితో చిరచిరలాడుతున్నాడు. అతనికి పొట్లకాయ గుడ్డు చేసి పెట్టేసరికి ఎండెక్కింది. ఆ మర్నాడు అవనిగడ్డలో పెళ్ళివారికి రొయ్యలు ఒలిచి ఇస్తానని మాటిచ్చింది. వెళ్ళకపోవడానికి కారణాలు దొరుకుతున్నందుకు ఒక పక్క హాయిగానూ ఉంది, ఒక పక్క ఏదో తరుముతున్నట్టుగానూ ఉంది. అవనిగడ్డ వీధుల్లో గంప దించిన చోటల్లా మంచినీళ్ళు అడిగింది. పాతికేళ్ళ నుంచీ వాడుకగా కొనే టీచరు ఝాన్సీగారు మూడోసారి నీళ్ళు తెచ్చి ఇస్తూ, ఏంటే ఉమా ఇది అని అడిగారు. ఎండండీ అంది. కార్తీకంలో ఎండేమిటని ఆవిడ అనలేదు గానీ, అలా చూశారు. ఆ చూపు ఉమాదేవిని ఆటోలో ఇంటిదాకా వెంటాడింది. ఇంటికొచ్చి అరికాళ్ళు మండుతుంటే చల్లటి గచ్చు మీద ఆనించి కూర్చుని, చిన్న మంటేగా అని తనకి తనే చెప్పుకుంది.

శుక్రవారం ఇక ఊరుకోలేకపోయింది. పాటకి వెళ్ళనని చెప్పేసరికి వీరమ్మ వింతగా చూసింది. మొగుడికి బొప్పాయి వండి, చేప ముక్కలు వేయించి మూతపెట్టింది. అన్నం వార్చింది. తలదువ్వుకుంది. చెంబుడు గంజి తాగింది. పరగడుపు అంటే పరగడుపే, ఇడ్లీ ముక్క కూడా నోట్లో వేసుకోకుండా ఆసుపత్రికి నడిచింది.

బల్ల మీద తనలాంటివాళ్ళు చాలామందే కూర్చుని ఉన్నారు. నర్సు ఒక్కొక్కరినీ ఏమైనా తిన్నారా అని అడుగుతోంది. ఉమాదేవి లేదండీ అంది. ఒట్టేసి చెప్పమన్నా చెప్పేదే. రక్తం తీసుకున్నారు. కూర్చోబెట్టారు. కాసేపటికి సరళ కాగితం పట్టుకుని బయటికొచ్చి, ఆమె పక్కన కూర్చుంది. మిషను అబద్ధం చెప్పలేదు వదినా అంది. ఆ మాట విన్నాక ఉమాదేవికి భయం వేయలేదు, అదే ఆమెకి వింతగా తోచింది. మొన్నటి నుంచీ తరుముతున్నదేదో వచ్చి మీద పడింది, అంతే.

"పొద్దున్నించీ నోట్లో ఏం పోసుకున్నావు, నిజం చెప్పు" అంది సరళ.

"ఏమీ లేదు. ఆకలి వేస్తున్నా ఆగాను."

"టీ?"

"అదీ లేదు. గంజొకటి తాగాను, రోజూ తాగేదే."

సరళ కాగితం మడిచింది. "ఎంత?"

"చెంబుడు."

"అన్నయ్య అన్నం వార్చిన గంజేనా?"

ఉమాదేవి అవునని తలూపింది. తల ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. గంజి తిండా? చిన్నప్పటి నుంచీ ఎవరైనా గంజిని తిండి అన్నారా? అన్నం తిన్నావా అంటే, లేదు, గంజి తాగి పడుకున్నాననేవాళ్ళు. ఏమీ తినలేదనడానికి ఆ మాటే చెప్పేవాళ్ళు. ఆ లెక్కన ఇన్నాళ్ళూ ఆమె ఏమీ తినలేదు. మొగుడి మెతుకుల్లోంచి పిండి పిండి బయటికి తీసిన చెడుగంతా, చుక్క పోనీకుండా గిన్నెలో పట్టి, ఉప్పేసుకుని తాగింది. అతను వదిలేసిన అన్నం కూడా తనే తిన్నది. నీరసమొచ్చిన కొద్దీ ఇంకాస్త తాగింది. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సరళ మాత్రం నవ్వలేదు.

గంజి తాగినా తాగకపోయినా ఇది షుగరేనని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసి, ఇంట్లో మీ ఆయనకి ఏం వండుతున్నారో అదే మీరూ తినండి, అంతకంటే నేను చెప్పేది లేదు అంది. ఎంత సులువుగా చెప్పిందీ అనిపించింది ఉమాదేవికి.

ఇంటికొచ్చి చెప్పింది. నాగబాబు వల పక్కకి తోసి లేచాడు. అతనిలో చెడ్డతనం లేదు, ఆ మాట చెప్పుకోవాలి. మొహం నల్లబడింది. తర్వాత పెద్ద మనసుతో, "దానికేముందే, నువ్వూ నాతోపాటే అదే తిను. నేను చేయగా లేంది నువ్వు చేయలేవా?" అన్నాడు. అని, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

ఉమాదేవి వడ్డించింది. అతను తిన్నాడు. బొప్పాయి బాగుందని మళ్ళీ అడిగాడు. చేప ముక్క బాగా వేగిందని ఇంకోటి వేయించుకున్నాడు. పుండున్నవాడివి, బలం కావాలంటూ వీరమ్మ ఇంకోటి వేసింది. అతను లేచాక ఉమాదేవి గిన్నెలోకి చూసింది. అంచులకి అంటుకున్న తురుము గరిటెడు, ఒక తోక ముక్క. పక్కన తపేలా నిండా అన్నం. తోడుగా నిమ్మకాయ పచ్చడి కుండ. ఇవి తిని ఇన్నాళ్ళూ బతికింది కాబట్టి, ఇవే తినాలని ఎవరూ అనక్కర్లేదు. గిన్నెలో ఎంత మిగిలిందో చూడటం నాగబాబుకి అలవాటు లేదు. ఈ ఇంట్లో ఏ మగవాడికీ ఆ అలవాటు చేసినవాళ్ళు లేరు.

ఆమెకి కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన కోపం, ఎవరి మీద పడాలో తెలియక గిన్నెల మీద పడింది. ఆ చప్పుడికి అరుగు మీంచి నాగబాబు ఏమైందని అడిగాడు. ఏం కాలేదంది. ఆ పూట మజ్జిగ తాగి ఊరుకుంది. రాత్రి అన్నం తపేలా దగ్గర రెండుసార్లు కూర్చుంది, రెండుసార్లూ లేచింది. వండిందాంట్లోంచి సగం తను తింటే అతనికి చాలదు. చాలకపోతే అన్నం అడుగుతాడు. అన్నం తింటే పుండు తిరగబెడుతుంది. అలాగని తను ఈ అన్నమే తింటే ఏమవుతుందో ఆ పుండుని రోజూ కడుగుతున్న తనకి తెలియదూ? ఎటు తిప్పి చూసినా ఎవరి కాలో ఒకరి కాలు కనిపిస్తోంది.

శనివారం రేవులో పండుగప్ప చేపలు బాగా పడ్డాయి. పాటలో రెండు తీసుకుని, ఒకటి గంపలో అందరికీ కనిపించేలా పెట్టి, రెండోది అడుగున ఐసు కింద పెట్టింది. అవనిగడ్డలో ఝాన్సీగారు కొంటూ కొంటూ అడుగునున్న దాన్ని కూడా చూసి, అదీ ఇవ్వు, చుట్టాలొచ్చారన్నారు. పాతికేళ్ళలో ఆవిడకి లేదని చెప్పిన గుర్తు లేదు ఉమాదేవికి. "అది మా ఇంటికండీ" అంది. ఆ మాట అన్నాక తనకే సిగ్గేసి, గబగబా గంప ఎత్తుకుంది.

ఇంటికొచ్చి రెండు బొప్పాయిలు కోసింది. చేతులు నొప్పెట్టేదాకా తురిమింది. చేపని బండ మీద పొలుసు గీకి, కత్తిపీట మీద ముక్కలు చేసి, ఉప్పూ కారం పట్టించి, నువ్వులపొడి అద్దింది. అన్నం తపేలా చిన్నది తీసింది, అత్తగారికి సరిపడా. గంజి వార్చి, గిన్నె పట్టుకెళ్ళి పక్కింటి గేదె కుడితి తొట్టిలో పోసి వచ్చింది. పోస్తున్నప్పుడు ప్రాణం ఉసూరుమన్నమాట నిజమే.

నాగబాబు ఇంకా రాలేదు. డాక్టరు వేసుకోమన్న కొత్త బూట్లు వేసుకుని, మొదటిసారి రేవుదాకా పడవ చూసొస్తానని వెళ్ళాడు. ఉమాదేవి వండిందంతా ముందుపెట్టుకుని, గరిటెతో గీత గీసి, రెండు గిన్నెల్లోకి సగం సగం తీసింది. చేప ముక్కలు కూడా అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక గిన్నె మీద మూత పెట్టింది. వీరమ్మ వాకిట్లోంచి అంతా చూస్తోంది.

"పుండున్నవాడికి సగం పెడతావా?" అంది.

"నాకూ పుండు పడ్డాక పెడతావా అత్తా?"

ఉమాదేవి గొంతు పెంచలేదు. వీరమ్మ, మగాడు రాకుండా కంచం ముందు కూర్చునే ఆడదాన్ని ఈ ఇంట్లో చూడలేదని గొణిగి, చెంబు తీసుకుని బావి దగ్గరికి వెళ్ళిపోయింది. ఉమాదేవి చేతులు కడుక్కుంది. పీట వాల్చుకుంది. తన గిన్నెలోది కంచంలో వడ్డించుకుని, మొదటి ముద్ద పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఆకలి ఉంది, చేప ఉంది, వద్దనేవాళ్ళు కూడా ఎదురుగా లేరు, అయినా చెయ్యి నోటిదాకా రావడానికి మొరాయించింది. చివరికి కళ్ళు మూసుకుని తింది. తన వంట వేడివేడిగా ఎలా ఉంటుందో ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. చాలా బాగుంది. రెండో ముద్దకి తొందరపడింది.

గుమ్మంలో నీడ పడింది. వీరమ్మ వచ్చి నిలబడింది. ఇంకేదో అనడానికే వచ్చిందనుకుని ఉమాదేవి తలెత్తలేదు.

"ఆ సూది బాగా గుచ్చుకుంటుందా?" అంది వీరమ్మ.

"ఏ సూదత్తా?"

"అదే, ఆ సరళ గుచ్చేది."

"చీమ కుట్టినట్టుంటుంది. ఏం?"

వీరమ్మ గోడకి ఆనుకుని చతికిలబడి, కాళ్ళు చాపుకుంది. పాదాలు తడిగా ఉన్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి అత్త బావి గట్టున కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించుకోవడం ఉమాదేవి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. తనని ఎవరూ అడగలేదని నిన్నంతా గిన్నెల మీద విరుచుకుపడింది గానీ, తను మాత్రం ఎవరినడిగింది?

"అరికాళ్ళు మంటలే. మీ మావయ్య ఉన్నప్పటి నుంచే. ముసలితనమనుకున్నా" అంది వీరమ్మ పాదాలకేసి చూసుకుంటూ. "గంజి తాగితే చలవచేస్తుందని తాగేదాన్ని. నీకూ అదే చెప్పా."

అత్తకి ఎవరో చెప్పిందే అత్తా చెప్పింది. ఉమాదేవి ఎడంచేత్తో ఇంకో కంచం లాగి వీరమ్మ ముందు పెట్టింది. తన కంచంలోంచి తీయలేదు. నాగబాబుకని మూతపెట్టిన గిన్నె మూత తీసి, అందులోంచి పెట్టింది. బొప్పాయి పెట్టింది, పండుగప్ప నడిముక్క పెట్టింది. కొడుకు గిన్నెలోంచి తీస్తోందని వీరమ్మ చూసింది. చూసి, చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. గడ్డి గడ్డి అని కొడుకుతో కలిసి నవ్విన దాన్ని మొదట రెండు వేళ్ళతో, తర్వాత అయిదు వేళ్ళతో తింది. సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి వెళదాం, ఏమీ తాగకుండా వెళదాం అంది ఉమాదేవి. వీరమ్మ తింటూనే తలూపింది.

వాకిట్లో బూట్లు విప్పిన చప్పుడైంది. నాగబాబు కాళ్ళు కడుక్కుని, పడవకి తారు పూయించాలని చెప్పుకుంటూ లోపలికొచ్చి, ఇద్దరు ఆడవాళ్ళూ కంచాల ముందు కూర్చుని ఉండటం చూసి ఆగిపోయాడు. గిన్నెలోకి వంగి చూశాడు. ఆ ఇంట్లో అతను గిన్నెలోకి చూడటం అదే మొదలు.

"ఇంతే ఉందేంటి?" అన్నాడు. ఉమాదేవి అలవాటుగా ఎంగిలి చేత్తోనే లేవబోయింది.

వీరమ్మ ఆమె మోకాలి మీద ఎడంచెయ్యి వేసి అదిమిపట్టింది. కొడుకు వైపు తలెత్తకుండానే, "బుట్టలో గుడ్లున్నాయి, అట్టేసుకో" అంది. "అమ్మాయి తింటోంది."